కొంచెం జరగమంటే

పర్లాకిమిడి పాత బస్టాండు ఎదర
తవిటయ్య గారి డీటీపీ కొట్లో
పన్నెండేళ్ళుగా ఆ కంప్యూటర్ ముందు కుర్చీ నాది.
పెళ్ళికార్డులు, దినం కార్డులు,
గేదె తప్పిపోయిందన్న కరపత్రాలు.
ఒక పక్క ఒడియా, రెండో పక్క తెలుగు.
ఎవరి చుట్టాలకి వాళ్ళ పక్క పైకి పెట్టి ఇస్తారు.

గుమ్మ అవతలి కొండల్నించి సోంబరు సబర
జేబురుమాల్లో మూటగట్టి పెన్‌డ్రైవు తెచ్చాడు.
తెరిచాను.
ఇరవై నాలుగు డబ్బాలు.
అన్నీ ఖాళీ, అన్నీ ఒకే కొలత,
ఊరంతా పోడు పనికెళ్ళిన వేళ
తలుపులేసిన ఇళ్ళ వరసలా.
"అచ్చరాలే అక్కా అవి.
మీ మిషనుకి తెలీదు."

తెలిసిన సిస్టం ఇంకోటుందన్నాడు. డబ్బులక్కర్లేదు.
పాతదాన్ని తీసేయక్కర్లేదు,
కొంచెం జరగమంటే చాలు.

తవిటయ్య గారు అడ్డచుట్ట నోట్లోంచి తీశారు.
"జరగడమంటే ఏటి? ఎంత పోద్ది?"
"నలభై జీబీ."
"సెంట్లలో చెప్పరా."

ముందు అన్నిటికీ నకలు తీసుకోవాలిట.
షట్టరు సగం దించి కూర్చున్నాను.
కార్డు వేసుకున్నాక ఆగిపోయిన పెళ్ళి ఒకటి,
మూతబడ్డ సినిమా హాలు టిక్కెట్టు నమూనా,
మా అమ్మ పదకొండో రోజు కార్డు.
తేదీ తప్పుపడితే మళ్ళీ వేశాను,
తప్పుదీ ఒప్పుదీ పక్కపక్కనే ఉన్నాయి.
ఏదీ చెరపలేదు.

సోంబరు గీత పట్టుకుని ఎడమకి లాగాడు.
కొంత దూరం వచ్చి ఆగిపోయింది.
ఖాళీ ఉంది, కళ్ళకి కనపడుతోంది, ఇవ్వదు.
చిట్టచివర కదలని ఫైలొకటి కూర్చుందిట.
నిద్రపోయే ముందు మిషను
బుర్రలో ఉన్నదంతా దాచుకునే చోటు.
"నిద్ర మానిపించాలక్కా."
మానిపించాం.
గీత కదిలింది.

ముప్ఫై ఏడు శాతం దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కూతలు మొదలెట్టింది.
ఇప్పుడు ఆగిపోతే పాతదీ దక్కదు, కొత్తదీ రాదు
అన్నాడు సోంబరు,
ముందే చెప్పాల్సిన మాట.

పక్క మిఠాయికొట్టు దండపాణి సాహు
రసగోలా గిన్నె కింద పెట్టి
తన ఇన్వర్టరు వైరు గోడ మీంచి ఇటు విసిరాడు.
ఏం చేస్తున్నారని అడగలేదు.
ప్లగ్గు పెట్టేసరికి నా వేళ్ళకంతా పాకం.
కూతలు ఆగాయి.
అతని కొట్లో లైటు ఆర్పేసుకున్నాడని
చాలాసేపటికి గానీ చూసుకోలేదు.

పదకొండు దాటాక తెర నల్లబడి, తెల్లబడింది.
డబ్బాలు తలుపులు తీశాయి.
వంకీలు, కొక్కేలు,
నీటిబొట్టు మోస్తున్న గడ్డిపోచలాంటిది ఒకటి.
సోంబరు పైకి చదవలేదు.
చీకటి పడ్డాక గంప కింద వేసే ముందు
కోళ్ళని లెక్కపెట్టుకున్నట్టు
ఒక్కొక్కదాన్నీ వేలితో తాకాడు.

యాభై కాపీలు. ఆఖరి పదింటికి ఇంకు పలచబడింది,
అవి వాళ్ళింటికే ఉంచుకుంటానన్నాడు.
వెళ్తూ వెళ్తూ నా పేరు రాసిస్తానన్నాడు.
ఊర్మిళ.
ఉ దొరికింది. ర, మ దొరికాయి.
ళ లేదుట వాళ్ళ అక్షరాల్లో.
తెలుగులో ఉంది, ఒడియాలో ఉంది,
మా ఇద్దరికీ లడాయి లేని చోటు అదొక్కటే అనుకునేదాన్ని.
కాసేపు బుర్ర గోక్కుని
మామూలు ల పెట్టేశాడు.
నోట్లో ఒకసారి అనుకుని చూశాను.
పిలిస్తే పలకొచ్చు.

ఇప్పుడు పొద్దున్నే మీట నొక్కితే
మిషను రెండు వరసలు చూపించి
ఏది కావాలని అడుగుతుంది. పది సెకన్లు.
తవిటయ్య గారు కళ్ళజోడు వెతుక్కుని, పంచెతో తుడిచి,
ముక్కు మీద పెట్టుకునేలోపు
తనంతట తనే కొత్తదాన్లోకి పోతుంది.

"ఊర్మిళా, బేగి రాయే!
మళ్ళీ కొండెక్కేసింది నీ మిషను."