గడ్డి గుచ్చుకుంటది

డిసెంబరు ఇరవై మూడు, పొద్దు గూకినాక
స్కూటర్ మీద అడ్డగుట్ట ఎక్కి
బీరయ్య బర్రెల కొట్టానికి పోయాను.
మెట్టుగూడ చర్చిలో పశువుల పాక కట్టే పని
పన్నెండేళ్లుగా నాదే.
వెదురు దబ్బలు, చమ్కీ కాగితం,
ఊడిన ఒంటె మూతికి ఫెవికాల్,
చుక్క లోపల నలభై వాట్ల బల్బు,
అన్నీ కుదిరాయి. గడ్డే లేదు.

లోకోషెడ్డులో ఫిట్టరుని.
ఇనుముకి ఎక్కడ నొప్పో
చెవి ఆనించి చెప్పగలను.
దేవుని సంగతి మాత్రం
ఆదివారం ఆదివారం విన్నదే.

కొట్టంలో పేడ, పచ్చిపాలు, తడిసిన తవుడు వాసన.
దూరంగా మెట్రో రైలు వెలుగుతూ పోయింది.
ఒక్క బర్రె తలెత్తి చూడలేదు.
"రెండు మోపులు ఇయ్యి బీరయ్యా."
"ఏంటికి? బర్రెను గొన్నవా ఏంది?"
"మా దేవుడు పుడుతడు. పండబెట్టాలె."

నవ్వుతాడనుకున్నా.
పాలచెంబు కింద పెట్టి
కాసేపు ఆలోచించాడు.
"ఉత్త గడ్డి మీదనా?
ఎట్లనయ్యా, పసిగుడ్డు. గుచ్చుకుంటది.
లేగదూడకే కింద బస్తా ఏస్త నేను.
ఇగ చలి సూడు, బొక్కలు కొరుకుతుంది."

లోపలికి పోయి తవుడు బస్తా ఒకటి తెచ్చాడు.
దులిపాడు. మళ్లీ దులిపాడు.
అరచేత్తో రుద్ది చూశాడు
గరుకు ఎక్కడన్నా మిగిలిందేమోనని.
"గడ్డి మీద ఇది. ఇది మీద గడ్డి గాదు. యాదుంచుకో."
పైసలు తీసుకోలేదు.
"పురుటికి పైసలు దీస్కుంటరా ఎవలన్న?"

స్కూటర్ స్టార్టు చేయడం మర్చిపోయి
ఆలుగడ్డబావి దాకా తోసుకుంటూ వచ్చాను.

యాభై నాలుగు క్రిస్మస్‌లు చూసిన వాణ్ణి.
మహిమ అన్నాం, మహోన్నతుడు అన్నాం,
రాజులకు రాజన్నాం
మైకు కీచుమనేదాకా అన్నాం.
చర్మం అనలేదు.
ఆ వీపుకి గడ్డి గుచ్చుకుంటుందని
మా ఎవరికీ తట్టలేదు.

ఒకసారి తట్టాక ఇంకేదీ ఆగదు.
గడ్డిపోచ దిగే ఒళ్లయితే
ఆకలేసే కడుపు కూడా.
ఎవరో నీళ్లు కాచాలి,
ఎవరో నిద్ర మానుకోవాలి.
లోకాన్ని మోసేవాడు
ఎవరైనా ఎత్తుకుంటే తప్ప కదల్లేడు.
మెడ నిలవదు,
మెడ కింద చెయ్యి పెట్టాలి.
మన చేతులు తెలిసీ
ఏ ధైర్యంతో వచ్చాడో!
మేకుల మాట తర్వాత.
మొదటి గాయం గడ్డిది.

ఇరవై నాలుగు రాత్రి కరుణామణి అక్క
ఫోన్లో ఫోటో తీయబోయి ఆగింది.
"ఈ మురికి సంచి ఎవరు వేశారు? ఛీ, వాసన.
తీసేయండి బ్రదర్, నా దగ్గర తెల్ల శాటిన్ ఉంది."
తీశాను. శాటిన్ పరిచింది.
ఆమె అటు తిరగ్గానే
శాటిన్ కింద బస్తా దూర్చాను, దొంగలా.
ప్లాస్టర్ బొమ్మే, నాకు తెలుసు.
కుడిచేతికి విరిగిన రెండు వేళ్లూ
నేనే అతికించాను.
అయినా అరచేత్తో రుద్ది చూశాను
గరుకు ఎక్కడన్నా మిగిలిందేమోనని.

పన్నెండింటికి గంటలు మోగాయి.
అందరూ లేచి నిలబడి పాడుతుంటే
నాకు నోరు పెగల్లేదు.
ఊయల దగ్గర ఎవరన్నా గట్టిగా పాడతారా?

తెల్లారి టిఫిన్ డబ్బాలో
బగారా అన్నం, కేకు ముక్క పట్టుకుని పోయాను.
మంచు. బర్రెల ఊపిరి పొగలై లేస్తోంది.
పాలు పిండుతూ, తల తిప్పకుండానే
బీరయ్య అడిగాడు,
"మంచిగున్నడా పిలగాడు?"

చెంబులో పాలధార చప్పుడు.
నేనింకా జవాబు వెతుక్కుంటుంటే
మళ్లీ అన్నాడు,
"రాత్రి ఏడ్సిండా?"