పొగకు దావ

ఆదోని, పత్తి మార్కెట్టు ఎదుట ఉగ్గాని అంగడి.
పొగకు దావ గీయమని పిలిచినారు నన్ను.

మసి గోడ మీద సుద్దముక్కతో గీసినా:
ఇక్కడ బ్లోయరు,
ఇట్ల పన్నెండంగుళాల రేకు గొట్టం,
అటక మీదుగా వెనక సందులోకి.

"సందులోకి ఎందుకు దస్తగిరీ" అన్నాడు విరుపాక్షప్ప,
"రోడ్డు పక్కకు తిప్పు.
బజ్జీ వాసనే గదప్పా మన బోర్డు."

తిప్పొచ్చు. మూడు ఎల్బోలు పడతాయి.
ఎల్బో ఎల్బోకీ గాలికి ఆయాసమొస్తాది,
మోటరు పెద్దది కావాల,
బిల్లూ పెద్దదే.
సావుకారి మీసం గోక్కుంటా రోడ్డు చూసినాడు.

బాణలి కాడ సుంకమ్మ దగ్గుతానే నవ్వింది.
పంతొమ్మిదేండ్లుగా ఆమె రొమ్మే
ఈ అంగట్లో బ్లోయరు.
మిరపకాయ పొగను లోపలికి గుంజుతాది,
బయటికి గొట్టం లేదు.

"నాయనా, ఆ రేకు గొడుగు యాడికి దించుతావు?"

నేను పట్టిన కొలత సావుకారి ఎత్తుకు.
టేపు చుట్టేసి,
ఆమెను గోడకు నిలబెట్టి
కొప్పు పైన గీత కొట్టినా.
నాలుగడుగుల తొమ్మిది.

గొట్టం యాడ తేలాలనో రేపు మాట్లాడతారంట.
ఈ ఒక్క గీత తుడవద్దని చెప్పి
సైకిలెక్కినా.