చెవులు సరిగా రాలేదన్నా

టిన్ ఫ్యాక్టరీ బస్టాపు వెనక నా జెరాక్సు కొట్టు.
ఆధార్లూ, అద్దె అగ్రిమెంట్లూ,
ఉద్యోగాలకి పెట్టే రెజ్యూమేలూ తప్ప
నా ప్రింటరు వేరే లోకం ఎరగదు.

సాకమ్మ మాత్రం ఫోను చాపి
కుక్కబొమ్మ కావాలంది.
గీతలే ఉండాల,
పాప రంగులేసుకుంటాది అంది.

"ఏ కుక్క?"
"మా పాపయ్య."
వెతగ్గా వెతగ్గా తెలిసింది, జాతి పేరు పాపియాన్ అని.
పిడికెడు ఒళ్ళు,
వాలిన సీతాకోకచిలుక
ఎగరడం మర్చిపోయినట్టు
తలమీద ఆ చెవులు.

మొదటి కాగితం చూసి పెదవి విరిచింది.
"చెవులు సరిగా రాలేదన్నా.
ఇక్కడ కుచ్చు ఉంటాది, కిందికి జారతాది.
రోజూ దువ్వేదాన్ని, నాకు తెలీదా?"
టోనరు డబ్బా తీసి రొంత ఊపి
మళ్ళీ కొట్టాను.

వైట్‌ఫీల్డులో పద్నాలుగో అంతస్తు దానిది.
లిఫ్టులో దానికి చోటుంది.
మోక్షితకు లేదు,
పనోళ్ళ పిల్లలు గేటు దాటకూడదంట.
అందుకని ఈమె
కుక్కనే మడతపెట్టి
ఇంటికి తీసుకెళ్తోంది, అయిదు రూపాయలకి.

వారానికో బొమ్మ.
కూర్చున్నది, తోకెత్తినది, బంతి కరిచింది.
ఓసారి రంగులేసిన పేజీ తెచ్చి చూపించింది:
ఒక చెవి పసుపు, ఒక చెవి వంకాయ రంగు,
ముక్కు మీద గులాబి చుక్క.
"అది తెలుపూ గోధుమ రంగూనే అంటే
నువ్వు సరిగా చూళ్ళేదులేమ్మా అనిందన్నా!"
నవ్వు ఆపుకోలేక
చిల్లర మర్చిపోయి వెళ్ళింది.

జూన్ వానల్లో ఆ ఇంటివాళ్ళు పుణేకి మారారు.
కుక్కకి టికెట్టు, బుట్ట, డాక్టరు సర్టిఫికెట్టు.
ఆ సర్టిఫికెట్టూ నా దగ్గరే, మూడు కాపీలు.
సాకమ్మే తెచ్చింది.
ఏమీ అనలేదు.

నెల పోయాక మళ్ళీ వచ్చింది.
"ఒక్కటి చాలన్నా. ఎదురుగా చూసేది."
క్రేయాన్లు అయిపోయినాయా అన్నాను, తెలివి తక్కువగా.
"దీనికి రంగులేయం.
ఇది నాకు."

ఈసారి మడవలేదు.
పాలిథిన్ కవర్లోకి జార్చి
చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని
నీళ్ళలోంచి బస్సు వైపు నడిచింది.

కొట్టు కట్టేసే ముందు
మిషన్లో ఇరుక్కున్న కాగితం లాగితే
పైసగమే చేతికొచ్చింది.
ముఖం లేదు. రెండు చెవులున్నాయి,
కుచ్చుతో సహా, సరిగ్గా.

లెక్కల పుస్తకంలో పెట్టాను.
ఎవరి ఖాతాలో రాయాలో
తెలీలేదు.