పదకొండు కిలోలు

ఆటోనగర్‌లో మస్తాన్ కొట్టు.
ఇంజనాయిలు తాగి నల్లబడ్డ నేల మీద
తుప్పు పట్టిన రేకు పెట్టె.
మూత మీద మేకుతో గీకిన పేరు:
పి. ఇమ్మానియేలు, 1971.

లోపల డ్రిల్లు మిషను, చంటిపిల్లంత బరువు.
పక్కనే దాని చుట్టాలు:
గుండ్రటి రంపం, దానికో తొడుగు,
గరుకు కాగితం అంటించే రబ్బరు పళ్ళెం,
బుల్లి తరిమెన పట్టాలు.
ఒకే మోటారు. ఏ మూతి తగిలిస్తే ఆ పని.
"కిలో లెక్కనే ఇస్తా సార్" అన్నాడు మస్తాన్.
కాటా మీద పదకొండు కిలోల ఇమ్మానియేలు.

చక్కు బిగించే తాళం చెవి మాత్రం పోలేదు.
సైకిల్ ట్యూబు పేలికతో వైరుకి కట్టి ఉంది.
వెతికి వెతికి విసిగినవాడు వేసిన ముడి.
నేను విప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు
గుంటూరు బస్సులో టికెట్లకి చిల్లులు పెట్టిన చెయ్యి నాది.
చిల్లు కొత్త కాదు,
కొయ్యే కొత్త.

కృష్ణలంకలో మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడన
వేప ముక్కని రెండు మొనల మధ్య బిగించి
మీట నొక్కాను.
పాత మోటారు ముందు దగ్గింది, తర్వాత అరిచింది.
కాలిన దుమ్ము వాసన.
కింది వాటాలోంచి భ్రమరాంబ గారు:
"ఏవండీ, బస్సు మేడెక్కిందా?"

అనుకున్నది ముక్కాలిపీటకి కాలు.
ఒకచోట ఉలి లోతుగా దిగింది.
దానికి సమానంగా మిగతాదంతా తగ్గించాను.
మళ్ళీ ఇంకోచోట దిగింది.
సాయంత్రానికి అది అప్పడాల కర్ర,
మర్నాటికి పప్పుగుత్తి కాడ.
"పుల్లైనా మిగల్చండి, పళ్ళు తోముకుందాం"
అంది మా కోటేశ్వరి.

మోచేతుల దాకా పొట్టు,
నాలిక మీద చేదు.
లెక్క తగ్గిన రాత్రి డిపోలో
సొంత జేబులోంచి వేసినట్టు
తప్పిన ప్రతిచోటికీ మంచి కొయ్య
చెల్లించుకుంటూ పోయాను.

ఆఖరికి నిమ్మకాయంత మిగిలింది.
అడుగున ఒక చిల్లు,
అదొక్కటీ నడిమధ్యన పడింది.
మేకు దిగ్గొట్టి, తాడు చుట్టి
మేడ గచ్చు మీదికి విసిరాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
కింద మిక్సీ ఆగింది, ఎదురింట్లో టీవీ ఆగింది.
బొంగరం ఆగలేదు.
కాస్త ఒరిగి, కాలీడ్చే మనిషిలా
తిరుగుతూనే ఉంది ఆ చీకట్లో, చప్పుడుని బట్టి తెలుస్తోంది.

నోటికి దానంతటదే వచ్చింది:
"రైట్... రైట్..."