రెండు మార్కుల ప్రశ్న

ఫలదీకరణం అనగానేమి?
రెండు మార్కులు.

ఎనిమిదో తరగతి రక్షిత్ రాసిండు:
"ఫలదీకరణం అనగా పొలానికి యూరియా చల్లుట.
దీనికి తెల్లారగట్ల నాలుగింటికి లేవవలెను.
సొసైటీ ముందట చెప్పులు వరుసల పెట్టవలెను.
ఆధార్ జిరాక్స్ తప్పనిసరి.
ఒక్కొక్కరికి రెండు బస్తాలు."

ఎర్రపెన్ను మూత తీసిన.
వానిదేం తప్పు?
పుస్తకంల ఎడమ పేజీ ఇంగ్లిష్, కుడి పేజీ తెలుగు.
ఎడమ పేజీల మాటకూ బస్తా మీది మాటకూ
తోక ఒక్కటే తేడా.
తెలుగులనే మనం వాటిని వేరు కాపురం పెట్టించినం,
ఒకటి పెంటకుప్ప కాడ,
ఒకటి తాళమేసిన ల్యాబు బీరువాల.

బోర్డు మీద నేను గీసే అండం
రూపాయి బిళ్ల పెట్టి గీసినంత గుండ్రంగ ఉంటది.
తోకున్న చుక్క ఒకటి దాని దిక్కు ఈదుతుంటది.
వెనక బెంచీల కిసకిసలు.
ఆడపిల్లలు తలలు వంచుకొని
గీసిన మార్జిన్లే మళ్ల గీస్తరు.
"పువ్వులల్ల కూడ ఇంతే" అని
నేను పేజీ తిప్పేస్త.
పద్దెనిమిదేండ్ల సర్వీసుల
ఆ పేజీ మీద ఒక్క నిమిషం ఎక్కువ ఆగలే.

మార్చి. పొద్దున పదిన్నర.
క్లాసుల పదకొండు మంది లేరు.
దేవులాడుకుంట జమ్మికుంట రోడ్డు దిగి
ఒడ్ల మీద నడిచిన.
సీడు వరి.
మగసాళ్లు రెండు, ఆడసాళ్లు ఎనిమిది,
మళ్ల మగసాళ్లు రెండు.
ఆ ఒడ్డున రక్షిత్, ఈ ఒడ్డున వాళ్లమ్మ ఓదెమ్మ,
నడుమ తాడు.
"ఆగుండ్రి సార్, గంటసేపటి పని.
ఎండ జర ముదిరి పూత నోరు తెరిసినప్పుడే.
పన్నెండు దాటితే మూసుకుంటది."

తాడు మగసాళ్ల తలల మీదికెళ్లి జారింది.
గిర్ని తలుపు సందుల నుంచి లేచినట్టు
పుప్పొడి లేచింది,
కొంచెం తచ్చాడి
ఆడసాళ్ల మీద వాలింది.
నా కండ్లద్దాల మీద గూడ.

"ఆడసాళ్ల పూలల్ల పొడి ఉండది సార్,
కంపెనోళ్లు అట్ల పుట్టిచ్చిన్రు.
గాలికి ఇడిసిపెడితే సగం తాలే.
అందుకే మేమే గాలైతున్నం."

మరి మగసాళ్లు?

"వాటి పని అయిపోయింది గద.
కోసి బర్లకేస్తం."
ఆడోళ్లంత పగలబడి నవ్విన్రు.
ఒక్కరు తల వంచుకోలే.
నేనే వంచుకున్న.

కాయితం సంగతి చెప్పిన, కొడుకు రాసిన జవాబు.
ఓదెమ్మ తాడు మోచేతికి చుట్టుకుంట అన్నది:
"మా అత్త ఈ మడిల గొర్ల మంద పెట్టిచ్చేది.
రెండు రాత్రులు. కురుమోళ్లకు తూమెడు వడ్లు.
తెల్లారి గింత మన్ను తీసి ముక్కు కాడ పెట్టుకొని
'దీనికి నెల తప్పిందే' అనేది.
ఇప్పుడు యూరియా ఏస్తం. పచ్చగైతది.
పచ్చగైతే అయితది గని..."
మిగిలింది చెప్పలే.
ఈ గింజలు వాళ్లు తినరు, మళ్ల ఎయ్యరు.
లారీ వస్తది.

హన్మకొండ బస్సుల, ఒళ్లె కాయితాలు.
నయీంనగర్ మలుపుల సంతాన సాఫల్య కేంద్రం బోర్డు,
బోర్డంత పసిబిడ్డ నవ్వు.
ఆ మెట్లు మేమిద్దరం మూడేండ్లు ఎక్కినం.
ఫైలు ఇంక అల్మారిల
చీరెల కింద ఉన్నది.

రెండుకు సున్న వేసిన.
కొట్టేసి ఒకటి వేసిన.
బస్సు ఊపుకు ఒకటి పక్కన గీత పడ్డది,
అది అరో, గీతో, నాకూ తెల్వదు.

ఇంటికి పోయి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన.
ఆమె ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి
"ఏందిది, పిండా?" అన్నది.

కాదు, పుప్పొడి, అన్న.

తుడవబోయిన కొంగు
అట్లనే పట్టుకొని నిలబడ్డది.