ముల్లు లేని చేప

తుమ్మలపెంటలో పడవలు ఒడ్డెక్కి
నలభై రెండో రోజు.
గుడ్లు పెట్టే చేపలకు సర్కారిచ్చిన పురిటి సెలవు.
మా పొయ్యి మీద నిన్న పప్పు,
ఇయ్యాల ఆ పప్పుకే మళ్లీ తాళింపు.

"అమా, సుషీ చేద్దాం" అంది మోక్షిత
ఫోను నా ముక్కు దాకా తెచ్చి.
జపాను నాకు తెలీకేం!
అట్టపెట్టె మీద నీలం అక్షరాలు, జపానంటే.
పదకొండేళ్లుగా రొయ్యల కంపెనీలో
తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి
కిలోకి ఎన్ని తూగుతాయో కంటితోనే చెప్పి
ఐసులో పేర్చి పంపేది నేనే.
ఆడికి పోయాక వాటి గతేందో
ఎవురూ చెప్పలా, నేనూ అడగలా.
ఇప్పుడు చూస్తే
అన్నం ముద్ద మీద నా రొయ్య
పట్టు పరుపెక్కిన కొత్త కోడలిలా పడుకోనుంది.

చేపల్లేవు గదే అంటే
మామిడిపండ్లుండాయి గదా అంది.
నల్ల నాచు కాగితం యాడ తెచ్చేదే అంటే
తాండ్ర ఉండాది గదా అంది.
తొమ్మిదేళ్ల పిల్ల.
లేదు అనే మాట దాని కాలికి ఇంకా గుచ్చుకోలా.

మొలగొలుకుల బియ్యం మెత్తగా వండి
కొబ్బరిపాలూ బెల్లమూ పోసి కలిపితే
అన్నం వేళ్లను వదల్లేదు.
చేప లేకపోయినా పర్లేదంట,
చాప మాత్రం ఉండి తీరాలంట.
ఎండుచేపలు ఆరబోసే చాప తెస్తే
పిలకాయలిద్దరూ ముక్కులు మూసుకున్నారు.
చివరికి కిటికీకున్న వెదురు తెర
ఊడదీసి, కడిగి, నేల మీద పరిచినారు.
ఎండ కూడా లోపలికొచ్చి కూర్చుంది చూడను.

తాండ్ర మీద అన్నం,
అన్నం మీద ఉలవపాడు సపోటా, మామిడి, రొంత ఖర్జూరం.
మొదటిది చుడితే నడుం పగిలింది.
రెండోది రెండు కొసల్లోనూ కక్కింది.
మూడోది కుదిరింది,
సరిగ్గా మామ చెవి మీద ఉండే పొగచుట్టలా.
"నిప్పుందా?" అన్నాడు లిఖిత్ గాడు, తాత గొంతుతో.
నవ్వితే నా చేతిలో అన్నం కారింది.

కత్తిపీట మీద కోస్తే
చుట్ట చితికి చప్పిడి ముక్కైంది.
వసారాలో వల బాగు చేసుకుంటా
ఇదంతా వింటానే ఉండాడు మా మామ తిరుపాలు.
తలెత్తకుండానే
బెత్తెడు నైలాను దారం కొరికి విసిరినాడు.
"కడిగి, ఒక చుట్టు చుట్టి
రెండు కొసలూ లాగండి."

లాగితే
చప్పుడు కూడా కాలేదు.
ముక్క పక్కకు వాలింది,
తెల్లటి అన్నంలో మామిడి
అప్పుడే నిద్రలేచిన కన్నులా.
ఎన్ని చేపల్ని పట్టిందో ఆ దారం,
ఒకదాన్నైనా ఇంత ముద్దుగా పట్టి ఉండదు.

పళ్లెంలో పేర్చింది నేనే.
పెద్దవొక వరస, నడిమివొక వరస, చిన్నవి అంచున.
చేతులు నన్నడక్కుండా గ్రేడు కట్టేసినాయి.
మోక్షిత చూసింది. ఏమీ అనలేదు.
వేలు పెట్టి అన్నిటినీ కలిపేసింది.
కంపెనీలో విరిగినవాటికి వేరే డబ్బా, వేరే రేటు.
ఇక్కడ ఆ నడుం పగిలిందే
అందరికన్నా ముందు అయిపోయింది.

అన్నం ముద్ద మీద
టెంక పక్కనుంచి కోసిన మామిడి బద్ద వేసి
తాతకొకటి ఇచ్చినారు, చేప అని చెప్పి.
ఆయన నమ్మినట్టే తిన్నాడు.
ముందు పళ్లతో పోయి
తరవాత నాలికతో వెతుకుతా
పెదాలు బిగించి, నిదానంగా,
అరవై ఏళ్లుగా తింటన్నట్టే.

"ఏ నీళ్లదమ్మా ఇది?"
"చెట్టు నీళ్లది తాతా."

ఇంకా పంతొమ్మిది రోజులు అన్నాడు, ఎవురితోనో.
తలుపు సందులో సముద్రం
తనను కాదన్నట్టు అటు తిరిగింది.
ఆయన నోట్లో వేలు పెట్టి
సన్నటి మామిడి పీచొకటి లాగి
ఎప్పుడూ ముల్లు పెట్టే చోటే,
పళ్లెం ఎడమ అంచున,
పెట్టినాడు.