శ్రుతి పెట్టె

మధ్యాహ్నం మూడింటికి మేడమ్ కునుకు తీస్తాది.
తెల్లబట్టలన్నీ మిషన్లో కుక్కి
తలుపు దగ్గరికేస్తా.
తిరగను మొదలైతే దానిది ఒకటే స్వరం,
మంద్రంలో, తెగకుండా.
పెద్దోళ్లకు తంబూరా.
నాకిది, అరవై డిగ్రీల వేడినీళ్లతో.

గొంతు గోడ దాటకూడదు.
చలికాలం దుప్పట్ల అరలో తల దూర్చి పాడతా,
పుల్లంపేటలో మా అవ్వ కందులు విసురుతా పాడిన పాట.
రాయి తిరిగినంతసేపే పాట ఆయమ్మకు,
రాయి ఆగితే గుర్తుండేది కాదు.
బాత్రూములు కడిగే మందు ఘాటుకు
నా పైస్థాయి ఎప్పుడో పోయింది.
ఉన్నదాంట్లోనే వంచుకోని, సాగదీసుకోని
ఒక్క చరణం కుదరను పంతొమ్మిది మధ్యాహ్నాలు.

మనకాడ అప్పుడు ఐదున్నర.
భార్గవి బడి నుంచి వచ్చే యాళ.
పనిలో ఉండా, తర్వాత చేస్తా అని
మెసేజి పెట్టేదాన్ని.
అబద్ధమేం కాదులే, బట్టలు తిరుగుతానే ఉండాయి కదా.
ఇప్పుడా యాళకు అది ట్యూషన్ పెట్టుకుంది.

పేరు పెడితే అకామాకు చేటు,
మొగం పెడితే ఇంట్లో తిట్లు.
ఫోటో బదులు నా ఎర్ర బకెట్ పెట్టినా.

మొన్న శుక్రవారం మాలియాలో
డబ్బులు పంపే కాడ వరసలో నిలబడుంటే
నా ముందరామె సంచిలో ఫోన్ మోగింది.

నా గొంతు.

సంచిలో బ్రెడ్డు, చీటీలు, తాళాలు,
ఆమె చెయ్యి పెట్టి దేవులాడతా ఉంటే
నేను చరణం దాకా వచ్చేసినా.
"ఎవురక్కా పాడింది?"
"ఎవురో బకెట్టామంట. మా ఊర్లో అందరి ఫోన్లలో ఇదే.
ఏ గురువు కాడ నేర్చిందో గాని,
కూసోని పాడే రాత ఉండాల."

ఊ అన్నా.
అప్పుడు వినబడింది, పాట అడుగున, సన్నగా,
మిషన్ మూత మీద నా రెండో ఫోన్ వణికిన చప్పుడు.
ఆ రోజు భార్గవి చేసింది. ఎత్తలా.
కుదిరిన చరణం అది, ఎట్లా ఎత్తేది?

టోకెన్ పిలిచినారు.
నలభై దీనార్లు కట్టి రసీదు మడిచి
జాకెట్లో పెట్టుకున్నా.
బస్సు టైమైంది.
ఆమెకు ఇంకొక్కసారి ఫోనొస్తే బాగుండని
ఆ మెట్ల కాడే నిలబడుకున్నా.